కథ కావాలి, రచయిత్రి జీవితం వద్దు: అనంతపురం వివాదం వెనక 'మానుషి' చరిత్ర

అనంతపురంలో తయారవుతున్న స్త్రీల కథా సంకలనం గొడవ చల్లారిందనుకునే లోపే మళ్లీ రాజుకుంది. తాను లెస్బియన్‌నని దాచుకోని ఒక రచయిత్రి పంపిన కథను సంపాదకులు ఇష్టంగానే తీసుకున్నారు. ప్రూఫులు వచ్చాక చూస్తే, పుస్తకం చివర రచయిత్రుల పరిచయంలో ఆమె రాసి పంపిన ఒక వాక్యం లేదు. సహచరితో కలిసి ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నానని చెప్పే వాక్యం అది. అదే పేజీలో ఇంకొకరి పరిచయం 'భర్త, ఇద్దరు పిల్లలతో ధర్మవరంలో నివాసం' అని ముగుస్తుంది. దాని కింద మరొకరిది: 'పుట్టినూరు గుత్తి, మెట్టినిల్లు తాడిపత్రి'. వీటిలో ఒక్క అక్షరం కూడా తీసెయ్యలేదు.

సంపాదకుల వాదన ఇది. కథే మాట్లాడాలి, ఇంటి సంగతులు పాఠకులకు అనవసరం. పుస్తకం కాలేజీ లైబ్రరీలకు వెళ్లాలి, అక్కడ అభ్యంతరాలు రాకూడదు. దీనికి తోడు ఇటీవలి సమావేశంలో ఒక మాట అన్నారు: 'మానుషి' లాంటి స్త్రీల పత్రిక ఇలాంటి ప్రకటనలేవీ లేకుండానే స్త్రీల సమస్యలన్నిటినీ చర్చకు పెట్టింది కదా అని. ఆ ఒక్క మాటతో నిప్పు మళ్లీ అంటుకుంది. ఎందుకంటే, మానుషిని నిలబెట్టిన ఇద్దరిలో ఒకరైన రూత్ వనిత ఈ దేశంలో స్వలింగ ప్రేమ చరిత్రను అందరికంటే విస్తారంగా రాసిన లెస్బియన్ రచయిత్రి.

1978లో ఢిల్లీలో మధు కిశ్వర్, రూత్ వనిత మానుషిని మొదలుపెట్టిన కథ చాలామందికి తెలిసిందే. వనిత అక్కడి మిరాండా హౌస్ కాలేజీలో ఇంగ్లిషు పాఠాలు చెబుతూ పన్నెండేళ్లకు పైగా పత్రిక పని చూశారు. వరకట్న హత్యల మీద, 1987లో రాజస్థాన్‌లో సతి పేరుతో రూప్ కన్వర్‌ను చితిపై కాల్చేసిన ఘటన మీద, మీరాబాయి మీద ఆ ఇద్దరి పేర్లతో వచ్చిన వ్యాసాలను ఇప్పటికీ ఉదహరిస్తారు. 1989లో పదో వార్షికోత్సవానికి భక్త కవయిత్రులపై వేసిన ప్రత్యేక సంచిక నేటికీ పరిశోధకులకు ఆధారం.

1990ల మొదట్లో వనిత పత్రికను వదిలారు. స్వలింగ ప్రేమ గురించి ఆమె రాసిన పెద్ద పుస్తకాలన్నీ ఆ తర్వాతివే. ఇంగ్లిషు సాహిత్యంలో స్త్రీల మధ్య ప్రేమను వెతికిన గ్రంథం 1996లో వచ్చింది. చరిత్రకారుడు సలీం కిద్వాయితో కలిసి ప్రాచీన కాలం నుంచి ఆధునిక కాలం దాకా భారతీయ భాషల రచనల్లోని స్వలింగ ప్రేమను సంకలనం చేసిన గ్రంథం 2000లో, పెళ్లిళ్ల మీద రాసిన పుస్తకం 2005లో. పత్రికకు ఆమె ఇచ్చిన శ్రమ ఒక చోట, ఆమె జీవితానికి దగ్గరైన రాత మరో చోట. ఆమె మానుషిని విడిచిపెట్టడానికి ఇదే కారణమని నేను అనడం లేదు. ఈ క్రమాన్ని మాత్రం అనంతపురం సంపాదకులు ఒక్కసారి చూడాలి.

నా దృష్టిలో అసలు మలుపు 1998. దీపా మెహతా సినిమా 'ఫైర్' ఆ నవంబరులో మన దేశంలో విడుదలైంది. ఒకే ఇంటి ఇద్దరు కోడళ్ల ప్రేమకథ. డిసెంబరులో శివసేన వాళ్లు ముంబయి, ఢిల్లీ థియేటర్ల మీద పడ్డారు. ఢిల్లీ రీగల్ థియేటరు ముందు స్త్రీలు కొవ్వొత్తులతో నిలబడ్డారు. తాము భారతీయులమూ లెస్బియన్లమూ అని రాసిన అట్ట ఆ రాత్రి ఫొటోల్లోకి ఎక్కింది. దేశ రాజధాని నడివీధిలో ఆ రెండు మాటలూ పక్కపక్కన కనిపించడం కొత్త. సరిగ్గా అప్పుడే మానుషిలో మధు కిశ్వర్ రాసిన సమీక్ష వచ్చింది. వనిత లేని మానుషి అది. ఉమ్మడి కుటుంబాల్లో ఆడవాళ్ల మధ్య సహజంగా ఉండే చనువుకు ఈ సినిమా లెస్బియన్ ముద్ర వేసిందనీ, ఇకపై స్త్రీలు ఆ చనువు చూపడానికే జంకుతారనీ, దాని వల్ల స్త్రీలకు మేలుకన్నా కీడే ఎక్కువనీ ఆమె వాదించారు.

సినిమా మీద దాడులు ఆగిపోయాయి, ఆ వాదన మాత్రం నిలిచిపోయింది. చెప్పకుండా ఉంటే అన్నీ సాగిపోతాయనే నమ్మకం దాని పునాది. భర్త పేరు, పిల్లల సంఖ్య రాసుకునే వాళ్లకు అది నిజమే, వాళ్లకు ఏదీ ఆగదు. సహచరితో ఉంటున్న ఆ రచయిత్రికి ఇల్లు అద్దెకు దొరకడం దగ్గర నుంచి ఆసుపత్రిలో సంతకం దాకా ప్రతిదీ ఆగుతుంది. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ను సడలించి స్వలింగ సంబంధాలకు నేరం ముద్ర తీసేసింది. 2023 అక్టోబరు 17న స్వలింగ జంటలకు పెళ్లి హక్కు ఇవ్వలేమంది. కాబట్టి చట్టం కళ్లలో ఆ సహచరి ఈమెకు ఏమీ కాదు. తన బంధాన్ని అచ్చులో చెప్పుకోగల చోటు ఆ పరిచయపు పేజీ ఒక్కటే.

ఇంకొంచెం వెనక్కి వెళితే మన సీమ వాళ్లు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. 1994లో బొంబాయిలో స్వలింగ సంపర్క పురుషుల సదస్సు జరగబోతుంటే, దాన్ని రద్దు చేయమని భారత జాతీయ మహిళా సమాఖ్య నాయకురాలు విమలా ఫారూకీ ప్రధాని పి.వి.నరసింహారావును కోరారు. ఇది పాశ్చాత్య పతనం మన దేశం మీదికి రావడమని ఆమె అభ్యంతరం. పి.వి. అప్పుడు నంద్యాల ఎంపీ. అడిగినవారు మతవాదులు కారు, వామపక్ష మహిళా ఉద్యమంలో పండినవారు. ఆ అభ్యంతరానికి వనిత సమాధానం పుస్తకాల రూపంలో వచ్చింది. ఇద్దరు రాణుల కలయిక వల్ల భగీరథుడు పుట్టాడని చెప్పే కృత్తివాస బెంగాలీ రామాయణాన్ని ఆమె ఎత్తి చూపారు. 1980 నుంచి వార్తాపత్రికల్లో వచ్చిన అమ్మాయిల జంట పెళ్లిళ్లను, జంట ఆత్మహత్యలను సేకరించారు. వారిలో ఎక్కువమంది ఇంగ్లిషు రాని, ఏ ఉద్యమంతోనూ పరిచయం లేని చిన్న ఊళ్ల పిల్లలు. కదిరి, ప్రొద్దుటూరు, ఆదోని లాంటి ఊళ్ల పిల్లలు.

అనంతపురం సంపాదకుల్లో పెద్దవాళ్లు స్త్రీవాద కవితా సంకలనం 'నీలిమేఘాలు', స్త్రీవాద పత్రిక 'భూమిక' వచ్చిన 1993 నాటి తరం. స్త్రీ శరీరం గురించి కవిత రాస్తే బూతు అన్నవాళ్లకు ఎదురు నిలిచి రాసిన తరం. ఇంటి సంగతులు అనవసరమని వాళ్లే అనడం అందుకే ఎక్కువ బాధగా ఉంది.

రచయిత్రి తన పట్టు వదల్లేదు. వాక్యం ఉంటేనే కథ ఉంటుందని సంపాదకులకు రాసి పంపారు. సంకలనంలోని మరో ముగ్గురు రచయిత్రులు కూడా ఉత్తరం రాశారు, ఆమె వాక్యం తీసేసేటట్టయితే తమ పరిచయాల్లోని భర్తల ప్రస్తావన కూడా తీసెయ్యమని. పుస్తకం ఇంకా ప్రెస్సుకు వెళ్లలేదు.