పచ్చ లైట్ వెలిగితే పోర్ట్ బాగున్నట్టేనా? స్టోరేజ్ స్విచ్‌లపై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇంటర్‌ఫేస్ ‘అప్’లో ఉంది, పచ్చ లైట్ వెలుగుతోంది. ఇక తప్పంతా స్టోరేజ్‌దే.

వాస్తవం: ఆ లైట్ చెప్పేది లింక్ లేచిందని మాత్రమే. ఫైబర్ ఛానల్ (సర్వర్లను స్టోరేజ్‌తో కలిపే నెట్‌వర్క్) పోర్ట్ ఆరోగ్యం తెలిసేది ఎర్రర్లను లెక్కపెట్టే కౌంటర్లలో. అవి కూడా మొత్తం అంకెగా చూస్తే పనికిరావు. ఎప్పుడో ఎవరో కేబుల్ పీకినప్పటి ఎర్రర్లూ అందులోనే ఉంటాయి. క్లియర్ చేసి, ఒక గంట ఆగి మళ్లీ చూడండి. పెరిగినవాటి సంగతే పట్టించుకోండి.

అపోహ: సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన ఫ్రేముల లెక్క) ఏ పోర్ట్‌లో కనబడితే ఆ పోర్ట్ ఎస్‌ఎఫ్‌పీ (కేబుల్ తగిలించే ఆప్టికల్ మాడ్యూల్) మార్చేస్తే సరి.

వాస్తవం: బ్రోకేడ్ కంపెనీ స్విచ్ ఒక ఫ్రేమ్ (డేటా ముక్క) పూర్తిగా రాకముందే దాన్ని ముందుకు పంపేస్తుంది. అందుకే ఒక్క చెడ్డ ఫ్రేమ్ దారిలో ఉన్న స్విచ్‌లన్నిటిలోనూ లెక్కకెక్కుతుంది. ‘పోర్ట్‌ఎర్‌షో’ కమాండ్‌లో సీఆర్‌సీతో పాటు పక్కనున్న జీ-ఈఓఎఫ్ గడి (ముగింపు గుర్తు సరిగ్గానే ఉన్న చెడ్డ ఫ్రేముల లెక్క) కూడా పెరుగుతుంటే ఫ్రేమ్ ఆ లింక్‌లోనే పాడైంది. సీఆర్‌సీ ఒక్కటే పెరుగుతుంటే ఫ్రేమ్ వచ్చిన వైపున్న స్విచ్‌లో వెతకాలి.

తప్పున్న లింక్ దొరికాక ఆర్‌ఎక్స్ పవర్ (పోర్ట్‌కు అందుతున్న వెలుతురు) చూడండి. 3 డీబీ తగ్గిందంటే వెలుతురు సగమైనట్టే. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: మన వైపు ఆర్‌ఎక్స్ తగ్గితే ముందుగా అనుమానించాల్సింది కేబుల్‌ని, అవతలి ఎస్‌ఎఫ్‌పీని. మనది మార్చి లాభం లేదు. మొదట కనెక్టర్ కొన తుడవండి, తర్వాత కేబుల్, ఆ తర్వాత అవతలి ఎస్‌ఎఫ్‌పీ. ఒకసారికి ఒక్కటే మార్చండి, ప్రతిసారీ కౌంటర్ క్లియర్ చేయండి.

అపోహ: బ్యాండ్‌విడ్త్ గ్రాఫ్ 20 శాతం దాటలేదు, కాబట్టి రద్దీ లేదు.

వాస్తవం: ఫైబర్ ఛానల్‌లో అవతలివాడు క్రెడిట్ (ఒక ఫ్రేమ్ పంపడానికి అనుమతి) ఇస్తేనే ఫ్రేమ్ కదులుతుంది. ఒక సర్వర్ హెచ్‌బీఏ (సర్వర్‌లోని ఫైబర్ ఛానల్ కార్డు) ఆర్-ఆర్‌డీవై (క్రెడిట్ తిరిగిచ్చే సంకేతం) ఆలస్యంగా పంపితే దానికి వెళ్లాల్సిన ఫ్రేములు స్విచ్‌లో పేరుకుని, ఐఎస్‌ఎల్ (రెండు స్విచ్‌లను కలిపే లింక్) దాకా వెనక్కి తన్నుతాయి. అదే ఐఎస్‌ఎల్ వాడే మిగతా సర్వర్లూ నత్తనడక నడుస్తాయి. గ్రాఫ్ మాత్రం ఖాళీగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఏదీ కదలడం లేదు మరి!

బ్రోకేడ్‌లో చూడాల్సింది టిమ్-టీఎక్స్‌క్రెడ్-జెడ్ అనే కౌంటర్, అంటే క్రెడిట్ లేక పోర్ట్ ఆగిన సమయం. ఒక్కో అంకె 2.5 మైక్రోసెకన్లు. 10 సెకన్లలో అది 2,00,000 పెరిగిందంటే అర సెకను క్రెడిట్ లేకుండా ఆగినట్టు, అంటే 5 శాతం సమయం. ఐఎస్‌ఎల్‌లో పెరిగితే అక్కడితో ఆగకండి; సర్వర్లు తగిలిన ఎఫ్-పోర్ట్‌లలో ఎక్కడ పెరుగుతోందో చూడండి. అసలు దోషి అక్కడుంటాడు. ఇంకో ఐఎస్‌ఎల్ కలిపినా ఈ జబ్బు పోదు.

అపోహ: దూరపు లింక్‌కు డిఫాల్ట్ క్రెడిట్లు చాలు.

వాస్తవం: పూర్తి సైజు ఫ్రేములకు 2జీ (సెకనుకు 2 గిగాబిట్ల) వేగంలో కిలోమీటరుకు సుమారు 1 క్రెడిట్ కావాలి. 16జీలో 8. అంటే 10 కిలోమీటర్లకు 80. ఫ్రేముల సగటు సైజు సగమైతే 160.

అపోహ: ఓఎం3 కేబుల్ (ఒక రకం మల్టీమోడ్ ఫైబర్) 8జీలో బాగానే పనిచేసింది, 32జీలోనూ పనిచేస్తుంది.

వాస్తవం: షార్ట్‌వేవ్ (తక్కువ దూరాలకు వాడే) ఎస్‌ఎఫ్‌పీలతో ఓఎం3 పరిమితి 8జీకి 150 మీటర్లు, 16జీకి 100, 32జీకి 70. స్విచ్ మార్చే ముందు కేబుల్ పొడవు కొలవండి. పాతవాటి సంగతీ చూసుకోండి: 32జీ ఎస్‌ఎఫ్‌పీ 8జీ వరకే దిగుతుంది, 4జీ హెచ్‌బీఏతో లింక్ లేవదు.