మెదడును కాపాడే గ్యాస్: 2005లో రెండు జవాబులు

నెలలు నిండని బిడ్డను ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వరంగల్ తెచ్చి బాక్సులో పెట్టాక ‘ఇక్కడ నైట్రిక్ ఆక్సైడ్ గ్యాస్ లేదు, హైదరాబాద్ తీసుకెళ్లండి’ అంటే తల్లిదండ్రులకు కాళ్లూ చేతులూ ఆడవు. తర్వాత బిడ్డ మెదడు దెబ్బతిందని తేలితే, గ్యాస్ పెట్టకపోవడం వల్లేనన్న ఆరోపణ తప్పదు. అది మళ్లీ వినిపిస్తోంది.

ఈ గ్యాస్ ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలను సడలిస్తుంది. 34 వారాలు దాటి పుట్టి, ఆ నాళాల్లో ఒత్తిడి పెరిగి ఆక్సిజన్ అందని శిశువులకు 1999లోనే అమెరికా దీన్ని అనుమతించింది. అక్కడ పేచీ లేదు.

పేచీ 34 వారాలు నిండకముందే పుట్టినవారి గురించి. దాని మూలం 2005 జులై 7 నాటి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ సంచికలో ఉంది. షికాగో వైద్యులు తమ అధ్యయనంలో గ్యాస్ ఇచ్చిన, ఇవ్వని పిల్లలను రెండేళ్ల వయసులో పరీక్షించారు. ఎదుగుదల లోపాలు, వైకల్యాలు గ్యాస్ అందినవారిలో 24 శాతం, అందనివారిలో 46 శాతం. ఆశ పుట్టింది ఇక్కడే.

అదే సంచికలో, దానికి ముందు పేజీల్లోనే, 420 మంది శిశువులపై జరిగిన మరో అధ్యయనం ఉంది. మొత్తం మీద ప్రయోజనం కనిపించలేదు. కిలో, అంతకంటే తక్కువ బరువున్నవారిని విడదీసి చూస్తే గ్యాస్ ఇచ్చినవారిలో మరణాలు 62 శాతం, ఇవ్వనివారిలో 48. మెదడులో తీవ్ర రక్తస్రావం వంటి గాయాలూ గ్యాస్ ఇచ్చినవారిలోనే ఎక్కువ. ఇది ముందుగా నిర్ణయించుకున్న లెక్క కాదు కాబట్టి తుది తీర్పుగా తీసుకోలేం. కానీ షికాగో శిశువుల కంటే వీరి ఊపిరితిత్తుల పరిస్థితి చాలా విషమం. హైదరాబాద్‌కు పరుగులు పెట్టించేది ఇలాంటి బిడ్డలనే. షికాగో అంకె చెప్పి ఈ అంకె దాచడం ఆ కుటుంబాలకు అన్యాయం.

2006లో 793 మందిపై చేసిన పరీక్షలో మెదడు గాయాలు కొంత తగ్గాయి. 2010లో 800 మందిపై యూరప్ పరీక్ష తేడా లేదంది. ఆ అక్టోబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం 34 వారాల లోపువారికి మామూలుగా ఇవ్వాల్సిన చికిత్స కాదని తేల్చింది.

పైగా సిలిండర్ ఒక్కటే చాలదు. ఈ గ్యాస్ నుంచి పుట్టే విషవాయువు నైట్రోజన్ డయాక్సైడ్‌ను ఎప్పటికప్పుడు కొలిచే పరికరం, రక్తంలో మెథెమోగ్లోబిన్ (ఆక్సిజన్‌ను మోయలేని హిమోగ్లోబిన్) పరీక్ష తప్పనిసరి. ఖర్చు లక్షల్లోకి పోవచ్చు.

మెదడులో రక్తస్రావాన్ని తగ్గిస్తుందని గట్టిగా రుజువైన మందు వేరే ఉంది. నెలలు నిండకుండా నొప్పులు వస్తే కాన్పుకు ముందే తల్లికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ అది. 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొచ్చిన తల్లిని పెద్దాసుపత్రికి పంపే ముందు తొలి డోసు డెక్సామెథసోన్‌ను ఏఎన్‌ఎం కూడా వేయవచ్చని కేంద్రం 2014లోనే మార్గదర్శకాలిచ్చింది. గ్యాస్ గురించి నిలదీసేవారు ముందు అడగాల్సింది ఆ సూది ఏ ఆసుపత్రిలో, ఎన్ని గంటలకు వేశారని.