సైకాలజీ సైన్సేనా? ముందు స్టాప్‌వాచ్ ఎవరి చేతిలో ఉందో చూడాలి

2011లో డారిల్ బెమ్ అనే పేరున్న సైకాలజీ ప్రొఫెసర్ ఒక పేపర్ ప్రచురించారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆయన చేసిన 9 ప్రయోగాలు అందులో ఉన్నాయి. వాటిలో ఒకటి ఇలా సాగుతుంది. కంప్యూటర్ తెర మీద రెండు పరదాలు కనిపిస్తాయి. ఒకదాని వెనక బొమ్మ ఉంటుంది, రెండోదాని వెనక ఏమీ ఉండదు. బొమ్మ ఎటుందో విద్యార్థి చెప్పాలి. తిరకాసు ఏమిటంటే, విద్యార్థి చెప్పేశాకే బొమ్మను ఏ వైపు పెట్టాలో కంప్యూటర్ తేల్చుకుంటుంది. గాలివాటంగా చెబితే నూటికి 50 సార్లు సరిపోవాలి. శృంగార చిత్రాల దగ్గర మాత్రం 53.1 శాతం సరిపోయింది. రాబోయేది మనిషికి లీలగా ముందే తెలుస్తుందని బెమ్ తేల్చారు.

ఇలాంటి ఆసక్తి మనకు కొత్త కాదు. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు 1960ల్లోనే సైకాలజీకీ పారాసైకాలజీకీ కలిపి ఒక విభాగం పెట్టారు. కానీ బెమ్ పేపర్ మీద రేగిన గొడవ అతీంద్రియ శక్తుల గురించి కాదు. అది సామాజిక మనస్తత్వశాస్త్రంలో పెద్దపీట ఉన్న జర్నల్‌లో వచ్చింది. అందరూ వాడే పద్ధతులే, అందరూ వేసే లెక్కలే. ఆ పద్ధతులతో భవిష్యత్తు కూడా కనిపిస్తోందంటే, అవే పద్ధతులతో ఇన్నాళ్ళూ తాము కనిపెట్టామనుకున్నవాటి సంగతేమిటని సైకాలజిస్టులకు టెన్షన్ పట్టుకుంది.

అదే ఏడాది ముగ్గురు పరిశోధకులు, సిమన్స్, నెల్సన్, సైమన్‌సన్, ఒక కొంటె ప్రయోగం చేశారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 20 మంది విద్యార్థుల్లో కొందరికి బీటిల్స్ పాట ఒకటి, మిగతావారికి మామూలు ట్యూన్ ఒకటి వినిపించారు. బీటిల్స్ విన్నవాళ్ళ వయసు దాదాపు ఏడాదిన్నర తగ్గిందని గణాంకాలతో నిరూపించారు. అభిప్రాయం కాదు, అసలు వయసే! కొలతల్లో దొంగతనం ఏమీ లేదు. పది రకాల వివరాలు సేకరించి, పనికొచ్చినది మాత్రం లెక్కలోకి తీసుకున్నారు. తండ్రి వయసును బట్టి సర్దుబాటు చేశారు. మధ్యమధ్యలో ఫలితం చూసుకుంటూ అనుకూలంగా ఉన్నచోట ఆపేశారు. క్యారమ్ బోర్డులో ఏ కాయ పడితే దానికే గురిపెట్టానని చెప్పుకున్నట్టు. అప్పట్లో ఇవేవీ నేరాలు కావు, చాలామంది మామూలుగా చేసే పనులే. అందుకే ఆ పేపర్ అంతగా గుచ్చుకుంది.

సైకాలజీ చదివే పిల్లలను చుట్టాలు తరచూ అడిగే ప్రశ్న, 'అయితే నా మనసులో ఏముందో చెప్పు' అని. కాస్త చదువుకున్నవాళ్ళు అడిగేది ఇంకొకటి: ఇది ఫిజిక్స్‌లాగా సైన్సేనా? మన విశ్వవిద్యాలయాలకే ఈ విషయంలో స్థిరమైన అభిప్రాయం ఉన్నట్టు లేదు. ఇదే సబ్జెక్టుకు ఒకచోట ఎం.ఏ. ఇస్తారు, ఇంకోచోట ఎం.ఎస్‌సి. ఇస్తారు. నన్నడిగితే, మనసును త్రాసులో తూచలేం కాబట్టి సైన్సు కాదనే వాదన తేలిపోతుంది. గురుత్వాకర్షణను కూడా ఎవరూ చేత్తో పట్టుకోలేదు. అసలు చూడాల్సింది, ఒక మాట చెప్పినవాళ్ళు అది తప్పని తేలే అవకాశాన్ని తామే కల్పిస్తున్నారా, లేదా అన్నది.

దీనికి ఒక నడవ కథ ఉంది. 1996లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో జాన్ బార్జ్ బృందం విద్యార్థులకు చిందరవందరగా ఉన్న మాటలిచ్చి వాక్యాలు కూర్చమంది. కొందరికి ఇచ్చిన మాటల్లో ముసలితనాన్ని గుర్తుచేసేవి కలిపారు: ముడతలు, నెరిసిన జుట్టు, రిటైరైన అమెరికన్లు వెళ్ళి స్థిరపడే ఫ్లోరిడా. పని అయిపోయి విద్యార్థి బయటికి వెళ్తుంటే, దాదాపు పది మీటర్ల నడవను ఎంతసేపట్లో దాటాడో ఒక మనిషి గుట్టుగా స్టాప్‌వాచ్‌తో కొలిచాడు. ముసలితనం మాటలు చదివినవాళ్ళు నెమ్మదిగా నడిచారట! చెప్పుకోవడానికి భలే బాగుంటుంది. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. నోబెల్ బహుమతి పొందిన డేనియల్ కానెమన్ కూడా ఇలాంటి ఫలితాలను నమ్మి రాశారు.

2012లో బ్రసెల్స్‌లో స్టెఫాన్ డొయెన్, ఆయన సహచరులు ఇదే ప్రయోగాన్ని 120 మందితో మళ్ళీ చేశారు. ఈసారి స్టాప్‌వాచ్ బదులు నడవలో ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు పెట్టారు. తేడా మాయమైంది. అక్కడితో ఆగి ఉంటే అది మామూలు ఖండనే అయ్యేది. వాళ్ళు ఇంకో అడుగు వేశారు. ప్రయోగం నడిపేవాళ్ళలో కొందరికి 'ఈ మాటలు చదివినవాళ్ళు నెమ్మదిస్తారు' అని, మిగతావారికి 'వేగంగా నడుస్తారు' అని ముందే చెప్పి, వాళ్ళ చేతికి స్టాప్‌వాచ్‌లు కూడా ఇచ్చారు. స్టాప్‌వాచ్ అంకెలు ఎవరి నమ్మకంవైపు వాళ్ళకు మొగ్గాయి. సెన్సర్ల ప్రకారం చూసినా, విద్యార్థులు నెమ్మదించింది నెమ్మదిస్తారని నమ్మినవాళ్ళ దగ్గరే. కొలిచే మనిషి ఆశ కొలతలోకీ, కొలవబడే మనిషి కాళ్ళలోకీ పాకింది.

తమాషా ఏమిటంటే ఈ సంగతి సైకాలజీకి ఎప్పుడో తెలుసు. 1960ల్లో రాబర్ట్ రోసెంతాల్ మామూలు ఎలుకలనే విద్యార్థులకు పంచి, కొందరితో 'ఇవి తెలివైన జాతి', ఇంకొందరితో 'ఇవి మందమతులు' అని చెప్పారు. తెలివైనవన్న ఎలుకలు దారి బాగా నేర్చుకున్నాయి. వైద్యంలో మందు ఎవరికిచ్చారో, ఉత్తుత్తి బిళ్ళ ఎవరికిచ్చారో డాక్టరుకు కూడా తెలియకుండా పరీక్షించడం వెనక ఉన్న భయం కూడా ఇదే. ఇంత తెలిసిన శాస్త్రం తన ఇంట్లో మాత్రం స్టాప్‌వాచ్‌ను ఆశపడే మనిషి చేతికే ఇచ్చింది.

2015లో అసలు లెక్క బయటపడింది. బ్రయన్ నోసెక్ నాయకత్వంలో 270 మంది పరిశోధకులు, పెద్ద జర్నళ్ళలో వచ్చిన 100 అధ్యయనాలను మళ్ళీ చేసి చూశారు. మొదటిసారి 97 శాతం సానుకూల ఫలితాలిచ్చినవి, రెండోసారి 36 శాతమే ఇచ్చాయి. నిలబడ్డవాటిని కూడా కలిపి చూస్తే ప్రభావాల సైజు సగానికి సగం పడిపోయింది. మనోబలం బ్యాటరీలా ఖర్చయిపోతుందనే ప్రసిద్ధ సిద్ధాంతాన్ని మరుసటి ఏడాది 23 ల్యాబ్‌లు, రెండువేలమందికి పైగా మనుషులతో పరీక్షిస్తే ప్రభావం దాదాపు సున్నా దగ్గర తేలింది.

సైకాలజీ పని అయిపోయిందని అప్పుడు చాలామంది చంకలు గుద్దుకున్నారు. నాకు దానిలో వేరే విషయం కనిపిస్తుంది. వాళ్ళ పునాదిని తవ్వింది బయటివాళ్ళు కాదు. సాటి సైకాలజిస్టులే, సొంత పేర్లతో, తమ గురువుల పేపర్ల మీదే ఆ పని చేశారు. 2012లో ఒక ఔషధ కంపెనీ 53 ముఖ్యమైన క్యాన్సర్ పరిశోధనలను మళ్ళీ చేస్తే 6 మాత్రమే నిలిచాయని ప్రకటించింది. అప్పుడు క్యాన్సర్ పరిశోధన సైన్సు కాదని ఎవరూ అనలేదు.

తరవాత పద్ధతి మారింది, పూర్తిగా కాకపోయినా. ఇప్పుడు కొన్ని జర్నళ్ళు ప్రయోగం చేయకముందే దాని ప్రణాళికను పరిశీలించి ఆమోదిస్తాయి. ఫలితం ఎటు వచ్చినా అచ్చు వేస్తాయి. 2021లో ఆన్నే షేల్ అనే పరిశోధకురాలి బృందం పోల్చి చూస్తే, పాత పద్ధతి పేపర్లలో 96 శాతం 'మా ఊహ నిజమే' అన్నాయి. ముందే ఆమోదం పొందినవాటిలో ఆ మాట అన్నవి 44 శాతం. సైకాలజీ గురించి ఒక్క అంకె గుర్తుపెట్టుకోవాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను. పరిశోధకులు అంతకుముందు ఎక్కువ తెలివైనవాళ్ళూ కాదు, తరవాత మందమతులూ కాలేదు. తప్పించుకునే దారి మూసేశారు, అంతే.

దారి తెరిచి ఉంచుకున్న సైకాలజీ ఎలా ఉంటుందో తత్త్వవేత్త కార్ల్ పాపర్ రాసిపెట్టారు. 1919లో వియన్నాలో ఆయన ప్రసిద్ధ మనస్తత్వవేత్త ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్‌కు ఒక పిల్లవాడి కేసు వినిపించారు. ఆడ్లర్ సిద్ధాంతానికి అది ఇమడదని పాపర్ అనుమానం. ఆడ్లర్ మాత్రం పిల్లవాణ్ణి చూడకుండానే న్యూనతాభావం కింద గబగబా వివరించేశారు. అంత నమ్మకంగా ఎలా చెప్పగలరని అడిగితే, వెయ్యి కేసుల అనుభవమన్నారు. 'ఈ కేసుతో వెయ్యిన్నొకటి అయిందన్నమాట' అని పాపర్ జవాబు. ఏ కేసు వచ్చినా ఒప్పే అయ్యే సిద్ధాంతం ఏ కేసు గురించీ ఏమీ చెప్పదని ఆయన ఫిర్యాదు.

మన చుట్టూ సైకాలజీ పేరుతో అమ్ముడయ్యేది ఎక్కువగా ఈ బాపతే. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని వ్యక్తిత్వ వికాస క్లాసుల్లో చెబుతారు. లండన్‌లో 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో అలవాటు పట్టుబడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. పిల్లల కళ్ళకు గంతలు కట్టి చదివిస్తామనే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ వర్క్‌షాపుల గురించి చెప్పేదేముంది, ముక్కు పక్కన సందు మూసి చూస్తే చాలు.

మరి గట్టిగా నిలబడినవి లేవా అంటే బోలెడున్నాయి. ఒకటి ఇంట్లోనే చూడొచ్చు. 'ఎరుపు' అనే మాటను ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో, 'నీలం' అనే మాటను పసుపుతో, అలా ఇరవై మాటలు రాయండి. మాట చదవకుండా ఇంకు రంగు మాత్రం గబగబా చెప్పమనండి. చదువొచ్చినవాళ్ళు తడబడతారు. ఇంకా అక్షరాలు రాని పిల్లలు చకచకా చెప్పేస్తారు. జాన్ స్ట్రూప్ 1935లో చూపించిన ఈ ఫలితం ఎన్నిసార్లు చేసినా వస్తుంది. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో అర్థంలేని అక్షరాల జాబితాలు తానే బట్టీపట్టి మరపును గంటల లెక్కన కొలిచారు. 2015లో నెదర్లాండ్స్‌లో అదే ప్రయోగం చేస్తే, మరిచిపోయే తీరు గీసిన గీత దాదాపు అలాగే వచ్చింది.

చిక్కు వచ్చేది మనుషుల తేడాల దగ్గర. ఒక్క ఊరి కాలేజీ కుర్రాళ్ళను చూసి మానవజాతి గురించి రాసే అలవాటు సైకాలజీని చాలాకాలం పట్టి పీడించింది. దీన్ని సరిచేయడంలో హైదరాబాద్‌కు ఒక పాత్ర ఉంది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు డిమెన్షియా, అంటే ముసలితనంలో మతి తప్పే జబ్బు, ఆలస్యంగా వస్తుందని 2007లో టొరంటోలో ఎలెన్ బియలిస్టాక్ బృందం చెప్పింది. అయితే అక్కడ రెండు భాషలవాళ్ళలో ఎక్కువమంది వలస వచ్చినవాళ్ళు. కారణం భాషో, వలసో ఎలా తెలుస్తుంది? హైదరాబాద్‌లో ఆ ఇబ్బంది లేదు. ఇంట్లో తెలుగు, బజార్లో దక్కనీ, ఆఫీసులో ఇంగ్లీషు అనేది పుట్టి పెరిగినవాళ్ళ మామూలు జీవితం. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలు చూసి 2013లో ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్ళకంటే రెండు భాషలవాళ్ళకు జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు వల్లేమో అనుకుంటే, బడి ముఖమే చూడనివాళ్ళలోనూ ఆ తేడా కనిపించింది.

ఇక్కడ సంబరపడి ఆగితే మళ్ళీ నడవ కథే. ఈ రోగులంతా జబ్బు వచ్చాక ఆస్పత్రికి వచ్చినవాళ్ళు. ఎప్పుడు మొదలైందో ఇంట్లోవాళ్ళు గుర్తుచేసుకుని చెప్పిందే లెక్క. న్యూయార్క్‌లో స్పానిష్ మాతృభాషగా ఉన్న వెయ్యిమందికి పైగా వృద్ధులను జబ్బు రాకముందు నుంచీ ఏళ్ళ తరబడి గమనిస్తే, ఇంగ్లీషు కూడా వచ్చినవాళ్ళకు డిమెన్షియా ముప్పు తగ్గినట్టు 2014లో కనిపించలేదు. కాబట్టి తరవాత చేయాల్సిన పని ఏమిటో స్పష్టంగానే ఉంది. హైదరాబాద్ లాంటి ఊళ్ళో ఆరోగ్యంగా ఉన్న యాభై అరవై ఏళ్ళవాళ్ళను వేలల్లో తీసుకోవాలి. చదువు రానివాళ్ళకూ పనికొచ్చే జ్ఞాపకశక్తి పరీక్షలను తెలుగులో, దక్కనీలో తయారు చేయాలి. ఎవరికెన్ని భాషలు వచ్చో పరీక్ష పెట్టేవాళ్ళకు తెలియనివ్వకూడదు. ఆపైన ఇరవై ఏళ్ళు ఓపిక పట్టాలి.