గుంతలో పడిన కారుకు డబ్బు ఎవరిస్తారు? అపోహలు - వాస్తవాలు

బీమా క్లెయిముల్లో వాహన నష్టాన్ని అంచనా వేసే మోటారు బీమా సర్వేయర్‌గా వర్షాకాలమంతా నా ముందుకొచ్చేవి వంగిన రిమ్ములు, పగిలిన ఆయిల్ సంపులే (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి). యజమానులు తరచూ చెప్పే మాటలకు నా సమాధానాలివి.

అపోహ: రోడ్డు నగరపాలక సంస్థది. బిల్లు పంపితే డబ్బు ఇచ్చి తీరాలి.

వాస్తవం: రోడ్డును బాగా ఉంచాల్సింది వాళ్లే. అయినా బిల్లు చూపగానే ఎవరూ చెల్లించరు. నిర్లక్ష్యాన్ని సివిల్ కోర్టులో రుజువు చేయాలి. 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ఇచ్చిన తీర్పును చాలామంది నాకు చూపిస్తున్నారు. గుంతల వల్ల చనిపోతే 6 లక్షలు, గాయపడితే 50 వేల నుంచి 2.5 లక్షల రూపాయలు ఇవ్వాలన్న ఆ తీర్పు మహారాష్ట్రకు సంబంధించింది. కారు మరమ్మతుల సంగతి అందులో లేదు. రోడ్డు నిర్మాణం, నిర్వహణలో లోపాలకు జరిమానా వేసే మోటారు వాహనాల చట్టంలోని 198ఎ సెక్షన్ కూడా మరణం, వైకల్యం సంభవించినప్పుడే వర్తిస్తుంది.

అపోహ: ఎదుటి వాహనం లేదు కాబట్టి ఇది ప్రమాదం కిందకు రాదు.

వాస్తవం: వస్తుంది. మీ సొంత వాహనానికి జరిగిన నష్టాన్ని భరించే ఓన్ డ్యామేజ్ కవరు ఉంటే చాలు. ఎదుటివారి నష్టానికే వర్తించే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మీ కారుకు పైసా రాదు.

అపోహ: బండి నడుస్తోంది కదా, ఇంటికెళ్లి చూసుకుందాం.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. గుంత అంచు సంపుకు తగిలి చిన్న పగులు వస్తుంది. ఆయిల్ కారిపోతూ ఉంటుంది, డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. అక్కడే ఇంజిన్ ఆపితే సంపు మార్చుకుంటే సరిపోతుంది. ఆపకుండా పోతే బేరింగులు అరిగి, క్రాంక్ షాఫ్ట్ మీద గీతలు పడి, ఇంజిన్ బిగుసుకుపోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడమే ఇది. విప్పి చూస్తే మాకు తేడా స్పష్టంగా తెలుస్తుంది: సంపు గుంత వల్ల పోయింది, ఇంజిన్ ఆ తర్వాత నడపడం వల్ల పోయింది. మామూలు పాలసీలో రెండోదానికి డబ్బు రాదు. ఇలా రాయాల్సి వచ్చిన ప్రతిసారీ నాకు బాధే. దయచేసి ఇంజిన్ ఆపి, టోయింగ్ బండిని పిలవండి.

అపోహ: టైరు పగిలితే కొత్తది వస్తుంది.

వాస్తవం: టైరు ఒక్కటే పాడైతే మామూలు పాలసీలో రాదు. దాంతోపాటు కారులో మరేదైనా దెబ్బతింటే టైరు ధరలో సగం వరకు ఇస్తారు.

అపోహ: ప్రీమియం కట్టాం కాబట్టి ప్రతి నష్టానికీ క్లెయిము వేయాల్సిందే.

వాస్తవం: ముందు లెక్క చూసుకోండి. 1500 సీసీ లోపు కారుకు మొదటి 1000 రూపాయలు మీరే భరించాలి. విడిభాగాల పాతదనాన్ని బట్టి తరుగుదల మినహాయిస్తారు. పైగా, అయిదేళ్లు క్లెయిము లేకుండా సంపాదించుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్ (ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో తగ్గింపు) పోతుంది. ఒక్క రిమ్ము కోసమైతే వద్దనే నా సలహా.

నగరపాలక సంస్థను నిలదీయాలనుకునేవారు ఆధారాలు ముందే పోగుచేయాలి. గుంతలో టేపు పెట్టి లోతు కనిపించేలా ఒక ఫొటో, దగ్గరి దుకాణం బోర్డు కనిపించేలా మరొకటి తీయండి. ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. ఆ గుంత మీద అంతకుముందు వచ్చిన ఫిర్యాదుల వివరాలు, రోడ్డు వేసిన కాంట్రాక్టరు నిర్వహణ బాధ్యత ఎప్పటివరకో సమాచార హక్కు చట్టం కింద అడగండి. గుంత సంగతి వాళ్లకు ముందే తెలుసని చూపగలిగితేనే కేసుకు బలం. ఫొటోలు మాత్రం ఆ రోజే తీయాలి. కంకర పోసి పూడ్చేశాక లోతు ఎంతో చూపించలేరు.