మిల్లీమీటరంత గుంట

నలభై గుంటలైతే ఎకరం. ఒక గుంటంటే 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు, అంటే 121 చదరపు గజాలు. విమానం నుంచి 1:10,000 స్కేలులో తీసిన ఫొటోలో ఆ గుంట ఒక్క మిల్లీమీటరు గడి. అన్నదమ్ములు ఏళ్ల తరబడి మాటల్లేకుండా ఉండటానికి కారణమైన గెట్టు అందులో వెంట్రుకకన్నా సన్నం.

ఉప్పల్‌లో ఒకసారి సర్వే పాఠాలు చెప్పే పెద్దాయన ఒకరు నన్ను స్టీరియోస్కోప్ ముందు కూర్చోబెట్టారు. రెండు కటకాలు, కింద పక్కపక్కనే రెండు ఫొటోలు. మొదట అంతా మసక. "తొందరపడకు బాబూ, కళ్లు వాటంతటవే కలుస్తాయి" అన్నారాయన. కలిశాయి! కాగితంలోంచి గుట్ట పైకి లేచింది. చెరువు కట్ట వెన్నెముకలా ఉబ్బింది. గట్టు మీది తాటిచెట్లు గుండుసూదుల్లా నా ముఖం వైపు నిలబడ్డాయి.

ఇందులో కనికట్టేమీ లేదు. పాత ఫిల్మ్ కెమెరా ఫొటో 23 సెంటీమీటర్ల చదరం. 152 మిల్లీమీటర్ల కటకంతో సుమారు 1,520 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే 2.3 కిలోమీటర్ల నేల అందులో పడుతుంది. పక్కపక్క ఫొటోల్లో 60 శాతం నేల రెండింటిలోనూ వచ్చేలా విమానం నడుపుతారు. అంటే రెండు ఫొటోలు తీసిన చోట్ల మధ్య దూరం 920 మీటర్లు. స్టీరియోస్కోప్‌లో ఒక కన్ను ఒక ఫొటోనే, రెండో కన్ను రెండోదాన్నే చూస్తుంది. ఆ కాసేపు నా కళ్ల మధ్య ఎడం దాదాపు కిలోమీటరన్నమాట!

ఫొటో ఉంటే నక్షా ఉన్నట్టే అనుకుంటాం. కాదు. కెమెరాకు దగ్గరగా ఉన్నది పెద్దగా కనిపిస్తుంది. చదును నేల మీద 40 గుంటలున్న చెలక, 50 మీటర్ల గుట్ట పైన ఉంటే అదే ఫొటోలో దాదాపు 43 గుంటలవుతుంది. బండలూ గుట్టలూ నిండిన హైదరాబాద్ చుట్టుపక్కల ఈ మూడు గుంటల తేడా చిన్నదేం కాదు. అందుకే ఎత్తుపల్లాల లెక్క కట్టి ఫొటోను సరిచేస్తారు. అలా సరిచేసిన దానినే ఆర్థోఫొటో అంటారు. కొలతకు పనికొచ్చేది అదే.

అమెరికా వ్యవసాయ శాఖ 1930లలోనే విమాన ఫొటోల మీద పొలాలు కొలిపించింది. సాగు తగ్గించిన రైతులకు డబ్బిచ్చే పథకంలో, నిజంగా ఎంత తగ్గించారో చూడాలి కదా. మన దగ్గర పంటను ఇలా పైనుంచి చూడటంలో మొదటి అడుగు పైరు జబ్బుతో పడింది. 1970లో శాస్త్రవేత్త పిషారోత్ రామ పిషారటి బృందం కేరళ కొబ్బరితోటల మీద హెలికాప్టర్‌లో తిరిగి పరారుణ ఫిల్మ్‌తో ఫొటోలు తీసింది. ఆరోగ్యంగా ఉన్న ఆకు పరారుణ కాంతిని బాగా వెనక్కి కొడుతుంది, తెగులు పట్టినది అంతగా కొట్టదు. ఈ తేడా మన కంటికి ఆనదు, ఫిల్మ్‌కు ఆనుతుంది. నాకిది ఇప్పటికీ అబ్బురమే. మన హైదరాబాద్ బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఉపగ్రహాలతో చేసే పంట అంచనాలకు కూడా మూలం ఈ సూత్రమే.

కానీ పట్టా ఎవరిదో, మోకా మీద ఎవరున్నారో ఏ కటకమూ చెప్పలేదు. చెట్టు నీడలో మునిగిన హద్దురాయి కూడా దానికి కనిపించదు. 2020లో మొదలైన స్వామిత్వ పథకంలో గ్రామకంఠం ఇళ్లను డ్రోన్‌తో ఫొటో తీసే ముందు, ఊరివాళ్లనీ అధికారులనీ నిలబెట్టి ఎవరి హద్దు ఎక్కడో ముందే ఒప్పిస్తారు. ఆ ఒప్పుకున్న గీత వెంట నేల మీద సున్నం పోస్తారు. పైనుంచి డ్రోన్ చూసేది ఆ తెల్లటి గీతనే.