అల్లికల అవ్వ, గుడ్డు తల డిటెక్టివ్

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి అమ్మమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం.

మొన్న ఫోన్‌లో బుజ్జి అడిగింది కదా, "ఆ బ్రిటిష్ డిటెక్టివ్ సీరియల్స్‌లో ఏముంది అమ్మమ్మా, ఒక్క ఛేజ్ లేదు, అందరూ టీ తాగుతూ కూర్చుంటారు" అని. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో మీ అమ్మ లాక్కుంటుంది. అందుకే రాస్తున్నాను.

ఆ టీ తాగేటప్పుడే అసలు కథ నడుస్తుందే పిల్లా. మన సినిమా పోలీసు తలుపు తన్ని లోపలికొస్తాడు. ఇంగ్లండ్‌లో మామూలు పోలీసు దగ్గర తుపాకీ ఉండదు. తలుపు తట్టి, కాళ్లు తుడుచుకుని, చూపించిన కుర్చీలో కూర్చుంటాడు. అతని చేతిలో ఉన్నవి ప్రశ్నలే. జవాబు చెప్పేవాళ్లు కప్పు ఎలా పట్టుకున్నారో, ఏ మాట దగ్గర తడబడ్డారో కెమెరా మనకూ చూపిస్తుంది. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం మనకు దాచకూడదన్నది పాత నియమం. కథలు రాసే రోనాల్డ్ నాక్స్ అనే ఫాదర్ 1929లోనే ఇలాంటివి పది రాసిపెట్టాడు. హంతకుడు కథ మొదట్లోనే కనిపించాలి, దయ్యాలూ మాయలూ పనికిరావు, ముందు చెప్పకుండా కవల సోదరుడు ఊడిపడకూడదు. (ఈ చివరిది మన సినిమావాళ్ల కంట పడినట్టు లేదు.)

నాకు అందరికంటే ఇష్టం మిస్ మార్పుల్, హత్యల గుట్టు విప్పే పల్లెటూరి ముసలావిడ. డిటెక్టివ్ నవలల రచయిత్రి అగాథా క్రిస్టీ రాసిన పన్నెండు మార్పుల్ నవలలనూ బీబీసీ 1984 నుంచి 1992 వరకు తీసింది. మొదటిది టీవీలో వచ్చేసరికి ఆ వేషం వేసిన జోన్ హిక్సన్‌కు 78 ఏళ్లు. ఎప్పుడో 1940ల్లో ఆవిడను నాటకంలో చూసి, ఏదో ఒకనాడు మార్పుల్ వేషం మీరే వేయాలని క్రిస్టీ చీటీ పంపిందట. పాపం, 1976లోనే పోయింది, చూసుకోలేకపోయింది.

మిస్ మార్పుల్ ఊలు అల్లుకుంటూ మూల కూర్చుంటుంది. ముసలావిడే కదా అని ఆమె ముందే అందరూ అన్నీ మాట్లాడేసుకుంటారు. పెళ్లిళ్లలో గోడవారన కుర్చీలో కూర్చునేదాన్ని, ఆ సుఖం నాకు బాగా తెలుసు. ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎవరి నగలు అరువు తెచ్చినవో మొత్తం మన చెవినే పడుతుంది.

1985లో వచ్చిన 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్' కథ ఎలా మొదలవుతుందో చెబుతాను. ఒక పల్లెటూళ్లో పొద్దున్నే పేపర్ వస్తుంది. పుట్టినరోజులు, అమ్మకాల ప్రకటనల మధ్య ఒకటి: శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు ఫలానా ఇంట్లో హత్య జరుగును, మిత్రులందరూ రావలెను. ఆ ఇంటివాళ్లకే ఈ సంగతి తెలియదు! ఊళ్లోవాళ్లకు ఆగుతుందా? ఊరికే ఇటు వెళ్తూ వచ్చామని తలా ఒక సాకు చెప్పి సరిగ్గా ఆ వేళకు దిగిపోతారు. గడియారం కొడుతుంది, దీపాలు ఆరిపోతాయి. ఇంక చెప్పను.

ఆ కథలో ఇంకో సంగతి చూడండి. అది రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్త. అంతకుముందు పల్లెలో ఎవరు ఎవరి బిడ్డో అందరికీ తెలుసు. యుద్ధంతో జనం చెదిరిపోయారు, కొత్త మొహాలు వచ్చాయి. పక్కింటాయన నేను ఫలానా అంటే నమ్మడమే, తాతల నాటినుంచి ఎరిగినవాళ్లు లేరు. ఆ భయమంతా ఒక డ్రాయింగ్ రూమ్‌లో పట్టించారు.

క్రిస్టీ రాసిన ఇంకో డిటెక్టివ్, గుడ్డు తల, మెలితిప్పిన మీసం ఉన్న ప్వారోగా డేవిడ్ సుషే 1989 నుంచి 2013 వరకు 70 ఎపిసోడ్లు చేశాడు. ఆ బుడిబుడి నడక కోసం పిరుదుల మధ్య నాణెం బిగించి సాధన చేశానని ఆయనే చెప్పాడు. నవ్వకండి, ఒకసారి ప్రయత్నించండి, అడుగులు వాటంతటవే చిన్నవైపోతాయి. మా రోజుల్లో అద్దె పుస్తకాల షాపులో తెచ్చుకున్న కొమ్మూరి సాంబశివరావు గారి నవలల్లో డిటెక్టివ్ యుగంధర్‌కు అసిస్టెంట్ రాజు ఉన్నట్టే ప్వారోకు హేస్టింగ్స్ అనే స్నేహితుడు ఉంటాడు. మనం అడగాల్సిన తెలివితక్కువ ప్రశ్నలన్నీ ఆయనే అడిగిపెడతాడు.

ఇన్‌స్పెక్టర్ మోర్స్‌ది ఆక్స్‌ఫర్డ్. 1987 నుంచి 2000 దాకా 33 కథలే తీశారు, ఒక్కోదానికి టీవీలో రెండేసి గంటలు. ఆయన బీరు తాగుతాడు, ఆపెరా వింటాడు, చాలాసార్లు ముందు తప్పు మనిషినే అనుమానిస్తాడు. టైటిల్ సంగీతం శ్రద్ధగా వినండి. రెండు గీతలు, మూడు గీతలు, చుక్క గీత చుక్క, మూడు చుక్కలు, ఒక చుక్క. చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే పాత టెలిగ్రాఫ్ భాష మోర్స్ కోడ్‌లో అది ఆయన పేరే! బల్ల మీద కొట్టి చూసుకోండి.

అన్నీ గొప్పవని నేననను. 1997లో మొదలైన 'మిడ్‌సమర్ మర్డర్స్'లో పచ్చటి పల్లెల్లో వారం వారం ఇద్దరు ముగ్గురు పోతుంటారు. అయినా ఎవరూ ఇల్లు అమ్ముకుని వెళ్లిపోరు, అదేం ధైర్యమో! తెల్లవాళ్లు కానివాళ్లు ఇందులో ఉంటే బాగుండదన్నట్టు 2011లో నిర్మాత మాట్లాడి పెద్ద గొడవ తెచ్చుకున్నాడు. అందమైన ఊరు చూపిస్తూ ఎవరిని బయట నిలబెట్టారో కూడా కాస్త గమనించాలి మీరు. 2013 నాటి 'బ్రాడ్‌చర్చ్' మాత్రం చాలా బాగుంటుంది. ఒక్క చావు ఊరంతటినీ ఎలా తినేస్తుందో ఎనిమిది భాగాల్లో చూపిస్తారు. నటుల్లో చాలామందికే హంతకుడెవరో చాలాకాలం చెప్పలేదట. కానీ చనిపోయింది పదకొండేళ్ల పిల్లవాడు. చిన్నీ, నువ్వు పెద్దయ్యాక చూద్దువుగాని.

ముందు నేను చెప్పిన పేపర్ ప్రకటన కథ చూడండి. ఆఖరి పావుగంట ముందు ఆపేసి, హంతకుడెవరో, ఎందుకనుకుంటున్నారో కాగితం మీద విడివిడిగా రాసి నాకు పంపండి. నెట్‌లో చూసి రాస్తే ఆ "ఎందుకు" దగ్గర దొరికిపోతారు, జాగ్రత్త.

మీ
అమ్మమ్మ