వెల్డర్ పని, హెల్పర్ వీసా: తగాదా మూలం 2020 సెప్టెంబరులో

గల్ఫ్‌లో పనులు మందగించాయన్న మాట వినబడితే చాలు, ఒడిశాలోని బరంపురం నుంచి ఆంధ్ర సరిహద్దులోని ఇచ్ఛాపురం దాకా ఒకే తగాదా మళ్లీ లేస్తుంది. పైపు వెల్డింగులో, ఫిట్టింగులో చేయి తిరిగిన కుర్రవాళ్లకు హెల్పర్ పేరుతో వీసా ఇస్తున్నారని, ఒప్పందంలో హెల్పర్ జీతం రాసి అక్కడికి వెళ్లాక వెల్డింగే చేయిస్తున్నారని కార్మికులు అంటున్నారు. పనులు లేని రోజుల్లో ఏదో ఒక వీసా దొరకడమే అదృష్టమని ఏజెంట్లు అంటున్నారు.

గంజాం జిల్లా తెలుగువాళ్లకు వలస చరిత్ర మొదటినుంచి చెప్పనక్కర లేదు. గోపాలపూర్ రేవు నుంచి రంగం (రంగూన్) వెళ్లిన ఓడలు, మేస్త్రీల అడ్వాన్సులు, సూరత్ మరమగ్గాలు, 1970లలో చమురు ధర పెరిగాక తెరుచుకున్న గల్ఫ్ దారి ఇక్కడి ఇంటింటికీ తెలిసిన సంగతులే. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే మాత్రం 2020 సెప్టెంబరు దగ్గర ఆగాలి.

గల్ఫ్‌కు వెళ్లే కార్మికుల కోసం భారత ప్రభుత్వం దేశాన్ని బట్టి ఒక కనీస వేతనం నిర్ణయిస్తుంది. అంతకంటే తక్కువ జీతం రాసిన ఒప్పందానికి వలస అనుమతి రాకూడదు. ఇది అక్కడి ప్రభుత్వాల చట్టం కాదు, మనవాళ్ల శ్రమకు మన ప్రభుత్వం గీసిన గీత. చాలా గల్ఫ్ దేశాల్లో పరాయి కార్మికుడికి చట్టబద్ధమైన కనీస వేతనమే లేదు కాబట్టి బేరమాడే చోట ఆ గీతే వాడికి దిక్కు.

2020లో ఆ గీతను ప్రభుత్వమే కిందికి దించింది. అప్పటి పరిస్థితి గుర్తుండే ఉంటుంది. చమురు ధర కుప్పకూలింది, నిర్మాణ కంపెనీలు పనులు ఆపేశాయి, మే నెల నుంచి వందేభారత్ విమానాల్లో జనం వెనక్కి వస్తూనే ఉన్నారు. దేశం లోపలి నుంచి తిరిగి వచ్చినవాళ్లతో గంజాం పల్లెలు అప్పటికే నిండిపోయాయి. రిఫైనరీ పైపు అతికించగలిగినవాడు ఉపాధి హామీ మట్టిపని అడగాల్సి వచ్చిన వేసవి అది. ఆ సెప్టెంబరులో విదేశాంగ శాఖ సర్క్యులర్లు ఇచ్చి కనీస వేతనాన్ని 30 నుంచి 50 శాతం వరకు తగ్గించింది. ఖతర్, బహ్రెయిన్, ఒమన్, యూఏఈలకు నెలకు 200 డాలర్లు, కువైట్‌కు 245, సౌదీకి 324 డాలర్లుగా లెక్క మారింది. మన కార్మికుల ఉద్యోగాలు ఇతర దేశాల వారి చేతికి పోకుండా కాపాడేందుకే ఈ పని చేశామని ప్రభుత్వం చెప్పుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఖతర్ ప్రభుత్వం నెలకు 1000 రియాళ్ల కనీస వేతనం ప్రకటించింది. కంపెనీ తిండి పెట్టకపోతే 300, బస ఇవ్వకపోతే 500 రియాళ్లు అదనం. అది 2021 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. వెయ్యి రియాళ్లంటే సుమారు 275 డాలర్లు. కార్మికుడిని పిలిపించుకునే దేశం 275 అంటే, పంపే దేశం 200 చాలన్నది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టుకుంటే ఆ సర్క్యులర్ ఎవరికి మేలు చేసిందో వేరే చెప్పనక్కర లేదు.

దీని మీద తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది, నిరసనలు వచ్చాయి. చివరికి 2021 జూలైలో కేంద్రం ఆ సర్క్యులర్లను వెనక్కి తీసుకుంది. అమల్లో ఉన్నది సుమారు పది నెలలే. కానీ ఆగిన పనులు మళ్లీ మొదలైంది, కంపెనీలు కొత్తగా మనుషులను తీసుకున్నది ఆ కాలంలోనే. గల్ఫ్ ఒప్పందం సాధారణంగా రెండేళ్లు నడుస్తుంది. కాగితం మీద గీత పాత చోటికి వెళ్లినా, సగం జీతానికీ మనిషి దొరుకుతాడన్న సంగతి కంపెనీలకు, ఏజెంట్లకు తెలిసిపోయింది. ఒకసారి దిగిన రేటు దానంతట అది పైకి రాదు.

అంతకుముందు మాంద్యం రాలేదా అంటే వచ్చింది. 2014లో వంద డాలర్లు దాటి ఉన్న పీపా చమురు 2016 జనవరికి 30 డాలర్ల కిందికి పడిపోయింది. సౌదీలో పెద్ద నిర్మాణ సంస్థలు నెలల తరబడి జీతాలు ఎగ్గొట్టాయి. జెద్దా శిబిరాల్లో వేలాది మంది భారతీయులు తిండికి అల్లాడితే కాన్సులేట్ రేషన్ పంచింది, అప్పటి విదేశాంగ సహాయమంత్రి వి.కె.సింగ్ స్వయంగా వెళ్లారు. అప్పుడు తప్పు కంపెనీలది, ప్రభుత్వం కార్మికుడి పక్కన నిలబడింది. వెల్డర్‌ను వెల్డర్ కాదని ఎవరూ అనలేదు. 2020లో వచ్చిన తేడా అదే. అప్పటి నుంచి మాంద్యంలో ఉద్యోగం పోవడం కంటే ఉద్యోగం పేరు ఒక మెట్టు దిగిపోవడం ఎక్కువైంది.

ఆ మెట్టు విలువ తెలియాలంటే పైపు వెల్డర్‌కు పెట్టే 6జి పరీక్ష చూడాలి. పైపు ముక్కలు రెండింటిని కొద్దిపాటి సందు వదిలి, నలభై అయిదు డిగ్రీల ఏటవాలుగా బిగిస్తారు. పైపును తిప్పడానికి వీల్లేదు. దాని చుట్టూ వెల్డరే తిరగాలి, కింద పడుకుని పైకి చూస్తూ మొదలుపెట్టి, పక్కల మీదుగా, నడుం వంచి పై అంచు దాకా రావాలి. మొదటి వరస ఆర్గాన్ వాయువు వాడి వేస్తారు. అది పైపు లోపలి గోడ దాకా కరిగి సమంగా అతుక్కోవాలి. దాని మీద రాడ్డుతో వరస మీద వరస నింపి పైన మూస్తారు. తర్వాత ఎక్స్‌రే తీస్తారు. లోపల ఒక గాలి బుడగ ఎక్కువున్నా, మొదటి వరస ఒక చోట అందకపోయినా మనిషి తప్పినట్టే. ఆ చేయి రావడానికి ఏళ్లు పడుతుంది. ఇటు బరంపురం ఐటీఐలోనో, సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న ప్రైవేటు శిక్షణ కేంద్రాల్లోనో డబ్బు కట్టి నేర్చుకున్నవాడికి అది పొలం అమ్మి సంపాదించుకున్న ఆస్తి.

హెల్పర్ వీసా ఆ ఆస్తిని సున్నా చేస్తుంది. ఇంటికి వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు డబ్బు ఒప్పందంలో రాసిన జీతాన్ని బట్టే లెక్క కడతారు. ఓవర్‌టైం కూడా అంతే. జీతం తగాదా లేబర్ కోర్టుకు వెళితే చేతిలో వెల్డింగు టార్చి పట్టుకున్న ఫొటో పనికిరాదు, కాగితం మీద రాసిన ఉద్యోగమే సాక్ష్యం. అయిదేళ్లు రిఫైనరీలో వెల్డింగు చేసినవాడికి కూడా సర్టిఫికెట్‌లో కూలి అనుభవమే మిగిలితే, మరో కంపెనీకి వెళ్లినప్పుడు బేరం మళ్లీ మొదటికే వస్తుంది. దీనికి తోడు వెల్డర్, ఎలక్ట్రీషియన్, ప్లంబర్ వంటి పనులకు సౌదీ ఇప్పుడు వీసాకు ముందే నైపుణ్య పరీక్ష పెట్టింది. నిజానికి ఇది పనివాడికి గౌరవం తెచ్చే ఏర్పాటు. కూలి పేరుతో వీసా తీస్తే వెల్డర్ పరీక్షను తప్పించుకోవచ్చు. అడ్డదారి తొక్కేవారికి అది సులువైపోయింది.

మరి కనీస వేతనం గీత మళ్లీ పైకి వెళ్లింది కదా, అది ఎందుకు కాపాడదు? ఇక్కడే అసలు మెలిక ఉంది. ఆ గీత వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టు ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. పదో తరగతి పాసైతే ఆ అనుమతి అక్కర లేదు. మూడేళ్లకు మించి విదేశాల్లో ఉండి వచ్చినవాళ్లకూ అక్కర లేదు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడుకు పదో తరగతి తప్పనిసరి. వెల్డర్ ట్రేడుకు ఎనిమిది చాలు కానీ ఇప్పుడు చేరుతున్న పిల్లల్లో ఎక్కువమంది పది దాటినవాళ్లే. అంటే చదువుకుని పని నేర్చినవాడు, అనుభవం ఉన్నవాడు, ఇద్దరూ ఆ రక్షణకు బయటే ఉన్నారు. చదువుకున్నవాడు తనను తాను చూసుకోగలడన్న నమ్మకంతో పెట్టిన నియమమిది. అరబ్బీలో రాసిన ఒప్పందం ముందు పదో తరగతి చదువు ఏం ఆసరా అవుతుంది? ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద వచ్చే 10 లక్షల ప్రమాద బీమా కూడా అనుమతి తీసుకుని వెళ్లేవాళ్లకే తప్పనిసరి. మిగిలినవాళ్లకు ఆ బీమా సంగతి చెప్పేవారే ఉండరు.

ఏజెంట్ల వాదనలో నిజం బొత్తిగా లేదని కాదు. కొత్త ప్రాజెక్టులు తగ్గినప్పుడు మిగిలేవి ఫ్యాక్టరీ ఆపి చేసే రెండు మూడు నెలల మరమ్మతు (షట్‌డౌన్) పనులే. కంపెనీ ఏ పేరుతో వీసా పంపితే దాన్నే తాము ఇవ్వగలమని వాళ్లు అంటారు. కానీ చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు కార్మికుడి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. హెల్పర్ జీతం రాసిన వీసాకు వెల్డర్ వీసా ధర ఎందుకు అడుగుతున్నారన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు.

సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. కుర్రవాడిది గంజాం లేదా గజపతి జిల్లా, డబ్బు కట్టింది ఇచ్ఛాపురం వైపు, ఇంటర్వ్యూ విశాఖలోనో ముంబైలోనో జరుగుతుంది. మోసపోయి ఫిర్యాదుకు వెళితే ఇటు స్టేషన్‌లో అటు వెళ్లమంటారు, అటు స్టేషన్‌లో ఇటు వెళ్లమంటారు. ఆంధ్రప్రదేశ్ ప్రవాసుల కోసం పెట్టిన బీమా, సహాయ కేంద్రాలు ఆ రాష్ట్రం వారికి ఉద్దేశించినవి. తెలుగు మాట్లాడే ఒడిశా కార్మికుడు వాటి గడప దాకా వెళ్లి తిరిగి రావాల్సిందే. 1983 నాటి వలస చట్టాన్ని మార్చేందుకు కేంద్రం 2019లో, మళ్లీ 2021లో ముసాయిదాలు ప్రజల ముందు పెట్టింది. కొత్త చట్టంలోనైనా పదో తరగతి పాసైన వెల్డర్ ఒప్పందాన్ని కూడా ప్రయాణానికి ముందే ప్రభుత్వం చూడాలి, అతను చేయబోయే పనే అందులో రాసి ఉండాలి. సరిహద్దుకు రెండు వైపులా కార్మికుల ఇళ్లలో వినబడుతున్న కోరిక ఇదే.